ఇథియోపియాలో అధ్యాపక ఉద్యోగం: అక్కడి దొంగతనాలు, దారి భయాల సంగతి తెలిసినవారు చెప్పగలరా?

స్వర్ణముఖి (తిరుపతి) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా తమ్ముడు చిత్తూరు దగ్గరి ఒక ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ విభాగంలో పాఠాలు చెబుతున్నాడు. ఇథియోపియాలోని అమ్హారా ప్రాంతంలో, గోజ్జాం వైపున్న ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెండేళ్ల ఒప్పందం మీద ఉద్యోగం ఉందని ఒక ఏజెంటు ద్వారా కబురు వచ్చింది. జీతం ఇక్కడ వచ్చేదానికంటే చాలా ఎక్కువ. ఇంటి మీద అప్పు ఉంది కాబట్టి వాడి మనసు అటే లాగుతోంది. భార్యను, మూడేళ్ల పాపను కూడా వెంట తీసుకువెళ్లాలని అనుకుంటున్నాడు.

మన వైపు నుంచి అధ్యాపకులు ఆ దేశానికి వెళ్లడం కొత్తేమీ కాదని నాకు తెలుసు. అయితే 2020 నవంబరులో ఆ దేశపు ఉత్తరాన ఉన్న టిగ్రాయ్ ప్రాంతంలో మొదలైన యుద్ధం 2022 నవంబరు 2న ప్రిటోరియాలో కుదిరిన ఒప్పందంతో ఆగిందని విని ఊరట పడేలోపే, 2023లో అమ్హారాలో మరో పోరు మొదలైందని చదివాను. ఏజెంటును అడిగితే "అదంతా ఎక్కడో అడవుల్లో జరుగుతుంది, విశ్వవిద్యాలయాల్లో ప్రశాంతంగానే ఉంది" అంటున్నాడు. మా అమ్మ మాత్రం వాడు వెళ్లే ఊరి పేరు వినబడితే చాలు, భోజనం మానేస్తోంది.

దొంగతనాలు, దోపిడీలు అక్కడ ఏ స్థాయిలో ఉన్నాయి, విదేశీయులను ప్రత్యేకంగా ఎంచుకుని దాడి చేస్తారా, రాజధాని నుంచి ఆ ఊరికి రోడ్డు మీద వెళ్లడం క్షేమమేనా, చిన్నపిల్లతో అక్కడ ఉండవచ్చా అన్నవి నా సందేహాలు. అక్కడ ఉండి వచ్చినవారు ఉన్నదున్నట్లు చెబితే మా కుటుంబానికి ఎంతో మేలు చేసినవారవుతారు.

విశ్రాంత ఆచార్యుడు (తిరుపతి) సమాధానం

అమ్మా, నేను ఆ దేశపు దక్షిణాన అర్బమించ్‌లో చాలాకాలం పాఠాలు చెప్పి, టిగ్రాయ్ యుద్ధానికి కొంత ముందు తిరిగివచ్చాను. నా దగ్గర చదువుకున్నవారు, నాతో పనిచేసినవారు కొందరు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. వారితో మాట్లాడుతూనే ఉంటాను. మీ ప్రశ్నలో రెండు వేరువేరు భయాలు కలిసి ఉన్నాయి. ఒకటి నగరంలో జరిగే దొంగతనం, రెండవది దారిలో జరిగే అపహరణ. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "ఆ దేశం క్షేమమా" అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు.

మొదటిదాని గురించి మీరు మరీ బెంగపడనక్కరలేదు. రాజధాని అడ్డిస్ అబాబాలో విదేశీయుణ్ని గాయపరిచి దోచుకోవడం కంటే, ఏమరుపాటున ఉన్నప్పుడు జేబు ఖాళీ చేయడమే ఎక్కువగా జరుగుతుంది. మెర్కాటో సంత, పియాస్సా వీధులు, బొలె రోడ్డు, మినీబస్సులు ఆగే కూడళ్లు ఇందుకు పేరుపడిన చోట్లు. పద్ధతులు కూడా చాలావరకు తెలిసినవే. మీ చొక్కా మీద ఏదో పడిందని ఒకడు తుడవబోతాడు, ఈలోగా ఇంకొకడు పర్సు తీస్తాడు. మెడలో అట్టపెట్టె తగిలించుకుని బిస్కట్లు, కాగితపు రుమాళ్లు అమ్మే పిల్లలు నలుగురైదుగురు చుట్టూ చేరి ఆ పెట్టెను మీ పొట్టకు ఆనిస్తారు, దాని కింద చెయ్యి ఏం చేస్తోందో మీకు కనబడదు. కారు కూడలిలో ఆగినప్పుడు తెరిచిన కిటికీలోంచి ఫోను లాక్కుపోతారు. విద్యార్థినని పరిచయం చేసుకుని, కాఫీ వేడుక చూపిస్తానని తీసుకువెళ్లి, చివరకు కళ్లు తిరిగే బిల్లు చేతిలో పెట్టించేవారూ ఉంటారు. శ్రీవారి దర్శనానికి వచ్చిన యాత్రికులు మన బస్టాండులో ఎంత అప్రమత్తంగా ఉండాలో అక్కడా అంతే ఉండాలి. చీకటి పడ్డాక నడవకుండా ఫోనులో టాక్సీ పిలుచుకోవడం, ఎంటోటో కొండ మీది నిర్జనమైన బాటల్లోకి ఒంటరిగా వెళ్లకపోవడం, పాస్‌పోర్టును ఇంట్లో ఉంచి దాని నకలును విశ్వవిద్యాలయం ఇచ్చే గుర్తింపు కార్డుతో పాటు దగ్గర ఉంచుకోవడం అలవాటైపోతే నగర జీవితం సాఫీగానే సాగుతుంది. అక్కడి ప్రజలు సహజంగా మర్యాదస్తులు. భారతీయుడని తెలిస్తే, తమకో తమ తల్లిదండ్రులకో చదువు చెప్పిన భారతీయ ఉపాధ్యాయుణ్ని తలుచుకునే పెద్దలు ఇప్పటికీ కనిపిస్తారు. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచి మనవారు అక్కడి బడుల్లో పనిచేసినందువల్ల మనకు దక్కిన గౌరవం అది.

రెండవ భయం మాత్రం నిజమైనది. దానికి మన జాగ్రత్త చాలదు. 2023 ఏప్రిల్‌లో ప్రాంతీయ ప్రభుత్వాల చేతిలో ఉన్న ప్రత్యేక దళాలను రద్దుచేసి, వాటిని దేశ సైన్యంలోను పోలీసుల్లోను కలపాలని ఆ ప్రభుత్వం నిర్ణయించింది. టిగ్రాయ్ యుద్ధంలో ప్రభుత్వ సైన్యం పక్షాన పోరాడిన ఫానో అనే అమ్హారా సాయుధులు దీనికి ఎదురుతిరిగారు. ఆగస్టు నాటికి వారు కొన్ని పట్టణాల్లోకి ప్రవేశించగా, ప్రభుత్వం ఆ నెల 4న అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అది పొడిగింపులతో 2024 జూన్ దాకా సాగింది. ప్రకటన గడువు తీరింది కానీ పోరు తీరలేదు. పైగా ఆ పోరు ఎక్కువగా రగిలిన చోట్లలో మీ తమ్ముడు వెళ్లాలనుకుంటున్న గోజ్జాం ఒకటి.

ఇక దారి సంగతి. అడ్డిస్ నుంచి గోజ్జాంకు సాధారణంగా వెళ్లే రహదారి ముందుగా ఒరోమియా ప్రాంతంలోని ఫిచె, గెబ్రె గురాచ పట్టణాల మీదుగా సాగి, నీలి నైలు లోయలోకి దిగి, అవతలి గట్టున అమ్హారాలోకి ఎక్కుతుంది. ఒరోమియాలో ఒరోమో విముక్తి సైన్యం అనే వేరే సాయుధ దళం ఉంది. 2023లో టాంజానియాలో ప్రభుత్వానికీ దానికీ రెండుసార్లు జరిగిన చర్చలు ఫలించలేదు. అంటే ఒకే రోజు ప్రయాణంలో మనిషి రెండు వేరువేరు పోరాటాల నేల మీదుగా వెళ్లాలి. 2024 జూలై మొదట్లో దెబార్క్ విశ్వవిద్యాలయం విద్యార్థులు సెలవులకు ఇళ్లకు వెళుతుండగా గెబ్రె గురాచ దగ్గరే వారి బస్సులను ఆపి వందమందికి పైగా అపహరించారు, కుటుంబాలను డబ్బు అడిగారు. ఆ పిల్లలు విదేశీయులు కారు, ధనవంతులు కారు. రైతు కుటుంబాల పిల్లలను కూడా పట్టుకుని డబ్బు అడిగే స్థితికి ఆ వ్యవహారం చేరిందన్నది మీరు గమనించాలి. ఎవరు తిరుగుబాటుదారులో, ఎవరు తిరుగుబాటు పేరు చెప్పుకునే దొంగలో దారినపోయేవాడికి తెలిసే వీలు లేదు.

అందువల్ల నా మాట సూటిగా చెబుతున్నాను. అదే ఉద్యోగం అర్బమించ్‌లోనో, హవాసాలోనో, దిరె దావాలోనో వచ్చి ఉంటే, స్థానిక పరిస్థితి ఒకసారి విచారించుకుని వెళ్లమని చెప్పేవాణ్ని. ఒరోమియాలో కూడా అడామా పట్టణం వేరు, పోరు ఎక్కువగా ఉన్న పడమటి వొలెగ్గా వేరు. గోజ్జాంకు మాత్రం, అందులోనూ చిన్నపిల్లతో, ఇప్పుడు వెళ్లవద్దనే నా సలహా. బ్రిటన్ ప్రభుత్వం తమ ప్రయాణికుల కోసం ఇథియోపియా పటాన్ని ప్రాంతాలవారీగా రంగులు వేసి ప్రచురిస్తుంది. అమెరికా వారు దేశమంతటికీ ఒక ప్రమాద స్థాయి చెప్పి ఊరుకోకుండా ఏ ప్రాంతానికి వెళ్లకూడదో కింద వివరంగా రాస్తారు. ఆ రెండింటినీ మీ తమ్ముడి చేత చదివించండి, అమ్మగారికి కూడా వినిపించండి. ఏజెంటు మాటకంటే అవి నమ్మదగినవి.

మదనపల్లె ఆడపడుచు సమాధానం

స్వర్ణముఖి అక్కా, మాస్టారు చెప్పినదాన్ని నేను కాదనడం లేదు. కానీ మావారు ఇప్పటికీ అమ్హారా రాజధాని బహిర్ దార్‌లోనే పనిచేస్తున్నారు కాబట్టి, ఆ ఊళ్లో ఉన్నవారి బతుకు ఎలా ఉంటుందో చెప్పాలని రాస్తున్నాను. నేను కూడా పోరు మొదలు కాకముందు కొంతకాలం అక్కడ కాపురం ఉండి వచ్చాను.

2023 ఆగస్టులో కాల్పులు జరిగిన రోజుల్లో ఎవరూ బయటికి రాలేదు, అంగళ్లు మూతపడ్డాయి, విమానాలు ఆగిపోయాయి. తరువాత అవి తిరిగి నడిచాయి, తరగతులూ మెల్లగా మొదలయ్యాయి. భారతీయులని ఎవరూ వేధించలేదు. మావారు అడ్డిస్ వెళ్లవలసివస్తే విమానంలోనే వెళతారు, రోడ్డు మీద ఊరు దాటి ఒక్క మైలు కూడా వెళ్లరు. దేశంలో నివాస అనుమతి ఉన్నవారికి లోపలి విమాన టికెట్లు పర్యాటకులకంటే చవకగా దొరుకుతాయి కాబట్టి అది భరించగలిగే ఖర్చే. ఇలా గిరి గీసుకుని ఉంటే ఉండవచ్చు అన్నది మావారి అభిప్రాయం.

అయితే ఆ గిరి లోపల ఉండటం ఎంత కష్టమో కూడా చెప్పాలి. ఆ ప్రాంతంలో మొబైల్ ఇంటర్నెట్ దాదాపు ఏడాది పాటు లేదు. క్యాంపస్‌లో తీగ ద్వారా వచ్చే కనెక్షన్ ఉన్నప్పుడే మాట్లాడుకునేవాళ్లం. అది కూడా ఆగిపోయిన రోజుల్లో ఇక్కడ మా అత్తగారిని సముదాయించడం నా వల్ల కాలేదు. రాత్రి కర్ఫ్యూ ఉన్నప్పుడు పాపకు జ్వరం వస్తే ఆసుపత్రికి ఎలా తీసుకువెళతారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకకనే నేను మళ్లీ వెళ్లలేదు. నేరం గురించి, తుపాకుల గురించి అందరూ అడుగుతారు, మందుల అంగడి గురించి ఎవరూ అడగరు. పోరు జరిగే ప్రాంతంలో దారులు మూసుకుపోతే మొదట కరువయ్యేవి మందులే.

మీ మరదలు కూడా వెళ్లాలనుకుంటున్నారు కాబట్టి ఆడవారి సంగతి కూడా చెబుతున్నాను. పగటిపూట బజారుకు ఒంటరిగా వెళ్లడానికి నాకు ఎన్నడూ భయం వేయలేదు. కుర్రవాళ్లు వెనక నుంచి పిలవడం, ఏవో మాటలు అనడం ఉండేది. పక్కనున్న పెద్దవారే వాళ్లను మందలించేవారు. ఇల్లు తీసుకుంటే చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర కాపలాదారు ఉన్నదే తీసుకోవాలి. అక్కడ అది గొప్పవాళ్ల ఆడంబరం కాదు, మామూలు కుటుంబాలూ అలాగే ఉంటాయి.

ఇంకొక ముఖ్యమైన సంగతి, అక్కడివారి గడియారం వేరు. తెల్లవారుతూనే లెక్క మొదలుపెడతారు కాబట్టి మన ఉదయం ఏడు వారికి ఒకటి. కర్ఫ్యూ ఎన్నింటికి అని పక్కింటివారిని అడిగినప్పుడు వారు చెప్పేది ఏ లెక్కో స్పష్టంగా అడిగి తెలుసుకోకపోతే, ఆరు గంటల తేడాతో మనిషి వీధిలో చిక్కుకుపోతాడు.

బీమా సలహాదారు (చిత్తూరు) సమాధానం

మేడమ్ గారూ, నేను ఆ దేశం చూడలేదు. వృత్తిరీత్యా విదేశాలకు వెళ్లేవారి పత్రాలు చూస్తుంటాను కాబట్టి ఆ వైపు నుంచి రెండు మూడు మాటలు.

విశ్వవిద్యాలయం వారు బీమా ఉందని అంటే సంతోషపడి ఊరుకోకండి. పాలసీ పత్రం తెప్పించి, అందులో మినహాయింపులు అనే భాగం చదవండి. యుద్ధం, అంతర్యుద్ధం, అల్లర్ల వల్ల కలిగిన గాయానికి, మరణానికి చాలా పాలసీలు పైసా కూడా చెల్లించవు. కొన్నింటిలో, ప్రభుత్వం వెళ్లవద్దని హెచ్చరించిన చోటికి తెలిసి వెళితే మామూలు జబ్బుకు కూడా వర్తించదని ఉంటుంది. ఆ ప్రమాదాలకు కూడా వర్తించే పాలసీలు విడిగా ఉంటాయి, ప్రీమియం ఎక్కువ. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ఒప్పందంలో రాయించుకోవాలి.

జీతంలో ఎంత డాలర్లలో, ఎంత అక్కడి కరెన్సీ అయిన బిర్‌లో ఇస్తారన్నది కూడా క్షేమానికి సంబంధించిన విషయమే. 2024 జూలై 29న ఆ దేశం తమ కరెన్సీ మారకాన్ని మార్కెట్టుకు వదిలేసింది. అంతకుముందు డాలరుకు 57 దగ్గర ఉన్న బిర్ కొద్ది వారాల్లోనే వంద దాటిపోయింది. అలా చేతికి వచ్చేది సగమైపోతే మనిషి ఎక్కువ రేటు ఆశతో వీధిలో డాలర్లు మార్చేవాడి దగ్గరకు వెళతాడు. అది నేరం, మోసపోయినా పోలీసులకు చెప్పుకోలేడు. ఒప్పందంలో తేదీలు ఏ పంచాంగం ప్రకారం వేశారో కూడా చూడండి. వారి సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది, సెప్టెంబరులో మొదలవుతుంది, పదమూడు నెలలు ఉంటాయి.

యాజమాన్యం సరిగా లేకపోతే ఏమవుతుందో 2018లో చూశాం. ఒక భారతీయ సంస్థ రోడ్డు పనుల్లో ఉన్న ఏడుగురు మనవారిని, జీతాలు అందని స్థానిక కార్మికులే నిర్బంధంలో ఉంచారు. మన రాయబార కార్యాలయం కలగజేసుకోవలసివచ్చింది. బాకీ పడింది సంస్థ, నిర్బంధంలో ఉన్నది ఉద్యోగులు. అందుకే పంపేవాడెవరో, పనిచేయించుకునేవాడెవరో ముందే తెలుసుకోవాలి. ఏజెంటు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైనవాడేనా అని చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

స్వర్ణముఖి (తిరుపతి)

మాస్టారూ, చెల్లీ, సలహాదారు గారూ, మీ ముగ్గురికీ నమస్కారాలు. మీరు రాసినవన్నీ తమ్ముడి చేత చదివించాను. గెబ్రె గురాచ సంఘటన వాడికి తెలియదు. ఏజెంటు కూడా చెప్పలేదు. నమోదు సంఖ్య అడిగితే ఆయన ఇంకా ఇవ్వలేదు. మరదలిని, పాపను ఇప్పుడు పంపకూడదని అందరం ఒక మాట మీదకు వచ్చాం. చెల్లి చెప్పిన మందుల అంగడి మాట మా అమ్మకు కూడా మనసుకు పట్టింది.

తమ్ముడు మాత్రం అవకాశాన్ని పూర్తిగా వదులుకోవడానికి ఇష్టపడటం లేదు. అడ్డిస్ నుంచి తనను ఎలా తీసుకువెళతారో, క్యాంపస్ లోపలే వసతి ఇస్తారా, గత విద్యా సంవత్సరంలో తరగతులు ఎన్ని నెలలు జరిగాయో, పరిస్థితి విషమిస్తే జీతం కోత లేకుండా మధ్యలో తిరిగిరానిస్తారా అని విశ్వవిద్యాలయానికి నేరుగా ఉత్తరం రాశాడు. దక్షిణాన ఉన్న విశ్వవిద్యాలయాలకు కూడా తానే దరఖాస్తు పెడతానంటున్నాడు. మాస్టారూ, అటు వైపు వెళ్లినా అక్కడ చేరగానే మొదట చేయవలసిన పని ఏమిటో చెప్పగలరా?

విశ్రాంత ఆచార్యుడు (తిరుపతి)

అమ్మా, మంచి నిర్ణయం. ఆ ఉత్తరంలోని చివరి ప్రశ్నకు వారు ఏం రాస్తారో దాన్నిబట్టే మిగతావన్నీ తూచండి. ఎప్పుడైనా వెనక్కి రావచ్చని రాతపూర్వకంగా ఇవ్వనివారి దగ్గర, ఊరు ఎంత ప్రశాంతంగా ఉన్నా చేరకూడదు. ఎందుకంటే అక్కడ పరిస్థితి నెల తిరిగేసరికి మారిపోగలదు. 2023 జూలైలో అమ్హారాలోని లాలిబెలా రాతి గుళ్లు చూడటానికి వెళ్లిన యాత్రికులు ఆగస్టులో ఆ పట్టణం ఫానో చేతిలోకి పోతుందని ఊహించి ఉండరు.

చేరిన వారంలోనే అడ్డిస్‌లోని భారత రాయబార కార్యాలయంలో పేరు, పనిచేసే చోటు, ఇక్కడి ఇంటి ఫోను నమోదు చేయించాలి. తోటి తెలుగు అధ్యాపకుల వాట్సాప్ బృందం ఉంటే అందులో చేరాలి, ఏ దారి తెరిచి ఉందో ఏ దారి మూసి ఉందో వార్తలకంటే ముందు అందులో తెలుస్తుంది. చేతిలో కనీసం ఒక టికెట్టుకు సరిపడా డాలర్లు ఎప్పుడూ ఉంచుకోవాలి, బ్యాంకు ద్వారా తీసుకున్నవే, రసీదుతో సహా. ఊరు మారవలసివస్తే పగలే, వీలైతే విమానంలోనే వెళ్లాలి. రోడ్డు ఎంత నిమ్మళంగా ఉన్న ప్రాంతమైనా రాత్రి ప్రయాణం పెట్టుకోకూడదు. దీపాలు లేని లారీలు, దారికి అడ్డంగా వచ్చే పశువులు అక్కడ సాయుధులంతటి ప్రమాదమే. సైనికులను, చెక్‌పోస్టులను, ప్రభుత్వ భవనాలను ఫొటో తీయకూడదని, రాజకీయాల గురించి తరగతిలో గానీ ఫేస్‌బుక్‌లో గానీ ఒక్క మాట అనకూడదని గట్టిగా చెప్పండి. విద్యార్థుల్లో అన్ని జాతులవారూ ఉంటారు, మనం మామూలుగా అన్న మాట ఎవరి మనసుకు ఎలా తగులుతుందో మనకు తెలియదు.

మదనపల్లె ఆడపడుచు

అక్కా, మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఎటు వెళ్లినా పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా తప్పనిసరిగా వేయించుకోవాలి. ఆ దేశం నుంచి తిరిగివచ్చేటప్పుడు టీకా వేయించుకున్నట్లు ఇచ్చే పసుపుపచ్చ కార్డు లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. టీకా వేసిన పది రోజుల తరువాతనే కార్డు చెల్లుబాటు అవుతుంది, ఆ తరువాత జీవితాంతం పనికివస్తుంది. తిరుపతి నుంచి మీకు చెన్నై దగ్గర కాబట్టి గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకోవచ్చు. ముందుగా పేరు నమోదు చేసుకుని, పాస్‌పోర్టు వెంట పెట్టుకుని వెళ్లమనండి.